ఎముక ఖాయం

మాంసం కొట్టువాడు కాలి ఎముకను కాగితంలో చుట్టి ఇస్తూ, "కుక్కకా మేస్త్రీ?" అని అడిగాడు.

"ఆఁ, కుక్కకే," అన్నాడు ముప్పావు.

ఆ ఇంట్లో కుక్క లేదు. ఎప్పుడూ లేదు. కుడిచేతిని అలవాటుగా ప్యాంటు జేబులో దాచుకుని, ఎడమచేత్తో సంచి పట్టుకుని ఇంటికొచ్చాడు. భార్య పని నుంచి రావడానికి ఇంకా గంటన్నర ఉంది. పెరట్లో బట్టలుతికే గట్టు మీద రెండు ఇటుకలు పేర్చి, వాటి మధ్య దున్నను వెల్లకిలా పడుకోబెట్టాడు.

దున్న అంటే రిమోట్‌తో నడిచే బండి. మూరెడు పొడవు, పదకొండు కిలోల బరువు. కొట్లో అద్దాల వెనక పెట్టి అమ్మే బొమ్మ కాదు. చట్రం విరిగిన అల్యూమినియం నిచ్చెనది. ఇరుసులు పాత స్కూటరు షాకబ్జార్ల కడ్డీలు. చేతులకి పది వేళ్లూ ఉన్న రోజుల్లో లేత్ మీద పెట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండా తిప్పినవి. షాకబ్జార్లు సైకిలు పంపు గొట్టాలు కోసి, కుట్టుమిషను నూనె పోసి చేసినవి. టైర్లు సామాన్లు మోసే ట్రాలీవి. లోపల గాలికి బదులు తెగిపోయిన స్పాంజి చెప్పుల ముక్కలు కూరాడు, మేకు దిగినా చలించవు. మోటారు డ్రిల్లింగ్ మిషనుది. పాడైన లాప్‌టాపుల్లోంచి మంచి సెల్లులు ఏరి, భార్య టంకం వేసి బ్యాటరీ కట్టింది. ఇక ముందువైపు, దున్నకి కొమ్ములుండాల్సిన చోట, వడ్రంగి రంపపు చక్రం. పన్ను విడిచి పన్ను విరిచేసిన చక్రం. కోయడానికి కాదు, పీకడానికి.

ఎముకను ఇనపతీగతో మరో ఇటుకకి కట్టి, చక్రానికి నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టాడు. నాలుగు వేళ్లంటే ఎడమచేతి నాలుగు వేళ్లు. కుడిచేతికి అంత కొలత లేదు. రిమోట్ వెలిగించాడు, బండి కడుపులో బ్యాటరీ ప్లగ్గు పెట్టాడు. దున్న కిమ్మనలేదు. ఎముకను చక్రం దాకా జరిపాడు. అప్పుడు రిమోట్‌ను గట్టు మీద ధన్‌మని పెట్టాడు.

రిమోట్‌లో ఎర్రదీపం ఆరిపోయింది. ఆరిన మరుక్షణం దున్న రంకె వేసింది. నాలుగు చక్రాలూ గాలిలో గిర్రున తిరిగాయి. రంపం ఎముకను పట్టుకుని గుంజింది, నమిలింది, విసిరింది. ఒక ముక్క గోడకి తగిలి మూలుగ చిమ్మింది. రెండో ముక్క తీగకే వేలాడుతూ పొడి రాలుస్తోంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు.

కొక్కెం కర్రతో ప్లగ్గు ఊడబీకాడు. గట్టు కడిగాడు, గోడ కడిగాడు, చొక్కా మీద పడ్డ పొడి దులుపుకున్నాడు. తర్వాత వంటగదిలోకి వెళ్లి అన్నం పెట్టుకుని తిన్నాడు. చాలా రోజుల తర్వాత ఆకలి బాగా వేసింది.

వారానికి ఒక్క సెలవు రోజు, మధ్యాహ్నం మూడింటికి, పాత టైర్లకి మళ్లీ రబ్బరు వేసే రీట్రెడింగ్ షెడ్డు వెనకాల సిమెంటు నేల మీద ఈ బండ్లు కొట్టుకుంటాయి. చుట్టూ నడుమెత్తు దాకా అరిగిన లారీ టైర్లు పేర్చి ఉంటాయి, అదే బరి. ఆ షెడ్డు ముసలాయనే పెద్దమనిషి. అందరూ టైర్ల తాత అంటారు. ఆయన ముందు ఖాళీ నూనె డ్రమ్ము, పక్కన బ్యాటరీ అంటుకుంటే పోయడానికి ఇసుక బకెట్టు. తిరగబడ్డ బండి పది లెక్కపెట్టేలోపు లేవకపోతే ఓడినట్టు.

గెలిచినవాడికి పూలదండ వేసేవాడెవడూ లేడు. ఓడిన బండిలోంచి ఒక భాగం ఇస్తారు. దాన్నే ఎముక అంటారు. గెలిచినవాడు బరిలోకి దిగి, ఓడిన బండిలో తనకి కావలసిన భాగం మీద చెయ్యి వేసి పేరు చెప్పాలి. తాత ఓడినవాడి రిమోట్‌ని డ్రమ్ము మీద ధన్‌మని కొట్టి, "ఎముక ఖాయం" అనాలి. ఇక ఓడినవాడు తన పానాతో, తన చేత్తో, నలుగురూ చూస్తుండగా ఆ భాగం విప్పి ఇచ్చుకోవాలి. ఆరు నెలలు కూర్చుని అరగదీసిన గేరుని కళ్లనీళ్లు కుక్కుకుంటూ ఇచ్చిన మొనగాళ్లున్నారు.

మూడు నెలల క్రితం అక్కడ గెలిచింది ముప్పావే. అప్పటికింకా ముప్పావు కాదు, ఒట్టి మేస్త్రి. ఓడింది స్వయానా బావమరిది, భార్యకి తమ్ముడు, గ్యాస్ కటింగ్ పనివాడు. నోరు తెరిస్తే పరాచికం తప్ప మాట రాని మనిషి. వాడి బండి పేరు కందిరీగ, దానికీ ముందు రంపమే. మేస్త్రి నవ్వుకుంటూ బరిలోకి దిగి, కందిరీగ గేరుపెట్టె మీద చెయ్యి వేశాడు. ఓడిన ఉక్రోషంలో బావమరిది రిమోట్ ఆర్పేసి తాత ఒళ్లోకి విసిరాడు. కందిరీగ లేచింది. కుడిచేతి చూపుడువేలు ఒక టైరు మీద, నడిమివేలు తాత చెప్పు పక్కన పడ్డాయి.

సిగ్నలు దెబ్బతిందన్నారు అందరూ. ఆసుపత్రి మంచం మీద పడుకుని కప్పు చూస్తూ మేస్త్రి నాలుగు రోజులు ఆలోచించాడు. బడి మానేసినా బుర్ర మానలేదు అతనికి. బండి లోపల రిసీవర్ అని అగ్గిపెట్టంత డబ్బా ఉంటుంది. రిమోట్ చెప్పింది వినేది అదే. కొత్త రిసీవర్‌ని రిమోట్‌తో జత కలిపేటప్పుడు, రిమోట్ మీద వేలితో నొక్కే ట్రిగ్గర్ ఎలా ఉంటే అలా గుర్తుపెట్టుకుంటుంది. రిమోట్ చచ్చిన రోజున అదే చేస్తుంది. వేలు తీసేసి జత కలిపితే, రిమోట్ పోగానే ఆగుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి జత కలిపితే, రిమోట్ పోగానే ఉరుకుతుంది. దానంతట దానికి బుద్ధి పుట్టదు. ఎవరో ఒకరు నేర్పాలి. కందిరీగ ఎవడిది? వాడిది. మరి నేర్పిందెవడు?

వాడు రోజూ ఆసుపత్రికి వచ్చాడు. మొదటి రోజే మంచం పక్కన నిలబడి, ముఖం పాలిపోయి, ఏం మాట్లాడాలో తెలియక, "పోనీలే బావా, మా అక్కని తిట్టడానికి నోరుంటే చాలు, వేళ్లెందుకు," అన్నాడు. మేస్త్రి నీళ్ల గ్లాసు తీసి వాడి ముఖాన కొట్టాడు. గ్లాసు స్టీలుది, కనుబొమ చిట్లింది. ఆ తర్వాత కూడా వాడొచ్చాడు, తలుపు దగ్గర నిలబడి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక వీధి తలుపు కొట్టేవాడు. మేస్త్రి గడియ వేసేవాడు.

వర్క్‌షాపులో లేత్ మిషను ఇంకొకడికి ఇచ్చారు. మైక్రోమీటరు పట్టుకోవాలంటే చూపుడువేలు కావాలి కదా. ఇరవై ఆరేళ్లు ఇనుముని వెన్నలా కోసిన మనిషికి, లేత్ కింద పడ్డ ఇనప రజను ఊడ్చే పని ఇచ్చారు. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజరు. "చేతిలో ముప్పావు వంతు మిగిలిందిగా, ఇంకేం," అన్నాడు. అందరూ నవ్వారు. పేరు జిగురులా అతుక్కుంది. ఒకరోజు, "ముప్పావూ, ఇక్కడ పావు వంతు చెత్త వదిలేశావు," అన్నాడు అదే సూపర్‌వైజరు. ముప్పావు చీపురు పక్కన పెట్టి, నెమ్మదిగా వెళ్లి, కుడిచేత్తోనే వాడి మూతి మీద గుద్దాడు. వాడి ముందు పన్ను ఒకటి ఊడింది. మానిన గాయం మళ్లీ పగిలి, రక్తం మోచేతి దాకా కారింది. ఎవరి రక్తమేదో తెలియలేదు. ఆ రోజుతో ఊడ్చే పని కూడా పోయింది.

ఇంటి దగ్గర ఖాళీగా కూర్చున్నవాడికి పగే పని. దున్నని విప్పి మళ్లీ కట్టాడు. కొత్త రిసీవర్ పెట్టి, ట్రిగ్గర్‌ని రబ్బరు బ్యాండుతో చివరికంటా లాగి కట్టి, జత కలిపాడు. రిమోట్‌లో సెల్లుల వెనక ఉండే స్ప్రింగుని రెండు చుట్లు కత్తిరించాడు. చేతిలో బిగించి పట్టుకున్నంత సేపూ సెల్లులు కదలవు. గట్టిగా ఒక్క దెబ్బ తగిలితే జారతాయి. ఆ దెబ్బ కొట్టేది తాను కాదు, టైర్ల తాత.

ఎవడు చూసినా ప్రమాదమే అంటాడు. కందిరీగకి ప్రమాదం జరగగా లేనిది, దున్నకి జరగకూడదా?

పోటీ ముందు రోజు భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆమె చార్జర్లు బాగుచేసే షాపులో టంకం పని చేస్తుంది. వైర్లు, ప్లగ్గులు, బ్యాటరీలు అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి.

"కొత్త రిసీవర్ తెచ్చావటగా. ఇటివ్వు, జత కలిపి పెడతా."

"కలిపేశా."

"నువ్వా? ఎప్పుడైనా కలిపావా నీ జన్మలో?"

"మూడు వేళ్లవాడు కలపకూడదని రాసుందా?"

గరిటె గిన్నె అంచు మీద ఆగింది. "అది కాదు. ఒకసారి చూస్తానని."

"అక్కర్లేదన్నానా."

ఆమె కూర వడ్డిస్తూ, "రేపు వాడితో ఆడితే ఆడావు గానీ, ఒక్క మాట మాట్లాడరాదూ. ఎన్నాళ్లిలా ఎడమొహం పెడమొహంగా," అంది.

"నా వేళ్లు తెచ్చిమ్మను. మాట్లాడతా."

"చేసింది వాడేనని నీకెవరు చెప్పారు?"

"బండి ఎవరిది? నీదా?"

ఆమె ఏదో అనబోయి, మింగలేక కక్కలేక, కూర గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తమ్ముడిని వెనకేసుకు రాలేక వెళ్లిపోయిందనుకున్నాడు ముప్పావు. అనుకోవడంలో అతనికి అప్పుడు ఎదురులేదు.

మరునాడు మూడింటికి బరి చుట్టూ జనం టైర్ల మీదెక్కి కూర్చున్నారు. రబ్బరు వాసన, ఎండ, చెమట. బావమరిది అటువైపు నుంచి చెయ్యి ఊపాడు. కనుబొమ మీద గ్లాసు దెబ్బ మచ్చ తెల్లగా మెరిసింది.

"ఏం బావా, దున్నకి మేత వేశావా, ఎండుగడ్డితోనే తోలుకొచ్చావా?"

ముప్పావు రిమోట్‌ని బొడ్డుకి ఆనించి, వెనక మూత మీద బొటనవేలు అదిమిపెట్టి పట్టుకున్నాడు.

"మాటలు తర్వాత. ముందు రిమోట్, తర్వాత బండి," అన్నాడు తాత. రెండు దీపాలు వెలిగాయి. రెండు ప్లగ్గులు పడ్డాయి. తాత ఈల వేశాడు.

ఓడాలని వచ్చాడు ముప్పావు. కానీ ఊరికే ఓడితే ఎవరూ నమ్మరు. ముందు కొట్టాడు. దున్న నేల అదిరేలా వెళ్లి కందిరీగ డొక్కలో పొడిచింది. నూనెడబ్బా రేకుతో చేసిన దాని తొడుగు పాత కాగితంలా చిరిగింది, నిప్పురవ్వలు టైర్ల మీదికి ఎగిరాయి. కందిరీగ గుండ్రంగా తిరిగి, వెనక నుంచి వచ్చి, దున్న టైరుని కరిచి పట్టుకుంది. స్పాంజి చెప్పుల ముక్కలు పేగుల్లా బయటికి వచ్చాయి. జనం గొంతు లేచింది. "పీకు, దాని కాలు పీకు," అని ఎవడో అరుస్తున్నాడు. దున్న కుంటికాలితోనే వెనక్కి తన్నింది; కందిరీగ ముందు ఇరుసు కటుక్కున వంగింది. మనుషులు చేయలేని పనులన్నీ ఆ రెండూ చేసుకుంటున్నాయి.

నిజం చెప్పాలంటే ఆ రెండు నిమిషాలూ ముప్పావుకి ఓడాలనిపించలేదు. ఇరుసు వంగినవాడిని ఇంకొక్క పోటు పొడిస్తే అయిపోతుంది. ఉంగరపువేలు ట్రిగ్గర్ మీద దురదపెట్టింది. అయినా పళ్లు బిగబట్టి, దున్న డొక్కని కందిరీగకి చూపించి నిలబెట్టాడు. కందిరీగ కింద దూరి ఎత్తింది. దున్న గాలిలో ఒక మొగ్గ వేసి, వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకి పెట్టింది. రంపం ఆకాశం వైపు పళ్లు చూపిస్తూ ఆగిపోయింది.

తాత పది లెక్కపెట్టాడు. ముప్పావు రిమోట్‌ని మెల్లగా, పసిబిడ్డని అందించినట్టు, తాత చేతుల్లో పెట్టాడు. "జాగ్రత్త తాతా," అన్నాడు కూడా. తాత దాన్ని కుడిచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు, ఎప్పటిలాగే.

బావమరిది టైర్ల మీంచి దూకి దున్న దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ముప్పావుకి తెలుసు, వాడు కోరేది గేరుపెట్టే. ఏడాది నుంచి దాని మీదే కన్ను. గేరుపెట్టె రంపానికి సరిగ్గా నాలుగు వేళ్ల దూరం, దాని మీద చెయ్యి వేస్తే మణికట్టు రంపం పళ్లకి ఆనుతుంది. వాడు చెయ్యి చాచాడు.

చాచిన చెయ్యి మధ్యలో ఆగింది.

"వద్దు," అన్నాడు వాడు. పరాచికం లేదు గొంతులో. "మొన్న ఇలాగే చెయ్యి పెట్టే కదా మా బావ బతుకు ఇలా అయింది. ఇక నుంచి ముందు ప్లగ్గు తీయాలి తాతా, తర్వాతే చెయ్యి. అక్కా, నువ్వు తియ్యి. నీ వైర్లు నీకే తెలుసు."

ఇసుక బకెట్టు పక్కన నిలబడ్డ భార్య అప్పటికే టైరు దాటి వచ్చేసింది. ఎన్నిసార్లో చేసిన పని. మోకాళ్ల మీద వంగి, బండి కడుపులోకి చెయ్యి పెట్టింది. ప్లగ్గు రంపం పక్కనుంచే వెళ్లాలి. ఆమె మణికట్టు గాజు రంపపు పన్నుకి తగిలి టింగుమంది.

ముప్పావు, "ఆగు," అన్నాడు. బయటికి వచ్చిందో లేదో అతనికే తెలియదు. జనం గోలలో ఎవరికీ వినపడలేదు. తాత చూపు డ్రమ్ము మీద ఉంది. బండి మీద చెయ్యి పడితే డ్రమ్ము మీద రిమోట్ పడాలి. ఎవరి చెయ్యో చూసుకునే అలవాటు ఆ ముసలాయనకి లేదు, అంతకు ముందు అవసరం పడలేదు. ఎత్తిన చెయ్యి దిగుతోంది.

తాత అటు చివర. దున్న ఇటు చివర. ముప్పావు తాత వైపు వెళ్లలేదు. దున్న మీద పడ్డాడు.

డ్రమ్ము ధన్‌మంది.

ఎడమ భుజంతో భార్యని కుమ్మితే ఆమె వెనక్కి పడి సిమెంటుకి తల కొట్టుకుంది. ఆమె చెయ్యి బయటికొచ్చిన చోట ఇతని కుడిచెయ్యి ఉంది. రంపం దాన్ని అందుకుంది. ఎముకని నమిలినట్టే నమిలింది. ఆ చప్పుడు అతనికి తెలుసు, పెరట్లో విన్నాడు. ఉంగరపువేలు పోవడం కళ్లారా చూశాడు. చిటికెనవేలు చూడలేదు. గాజు ముక్కలు, చొక్కా పీలికలు, రక్తం, గిర్రున తిరుగుతున్న టైర్లలోంచి చెప్పుల ముక్కలు. జనం చెల్లాచెదరయ్యారు. బావమరిది ఒట్టిచేతులతో బండి కడుపులో చెయ్యి దూర్చి, బ్యాటరీని వైర్లతో సహా పెరికేశాడు. వైర్లు వాడి అరచేతిలో భగ్గుమన్నాయి. మాంసం కాలిన వాసన వచ్చింది. వాడు వదల్లేదు, దున్న నోరు మూసేదాకా.

"సిగ్నలు," అన్నారెవరో వెనక నుంచి. "మళ్లీ సిగ్నలే."

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. పన్నెండు రోజులకి ఇంటికి పంపారు. భార్య తలకి మూడు కుట్లు. అన్నం కలిపి పెడుతోంది, మందులు వేస్తోంది, దున్న మాట మాత్రం ఎత్తలేదు. పోటీ రోజే ఎవరో గోనెసంచిలో పడేసి తెచ్చిన దున్న మంచం కింద ఉంది.

పదమూడో రోజు మధ్యాహ్నం సంచి బయటికి లాగింది. కాగితం పరిచి, దున్నని బల్ల మీద పెట్టింది. రంపం విప్పి పక్కన పెట్టింది. తెగిన వైర్లకి టంకం వేసింది. ముప్పావు గోడకి ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు. ఆపమందామనుకున్నాడు. ఏమని ఆపుతాడు?

రిమోట్ వెలిగించింది. ప్లగ్గు పెట్టింది. రిమోట్ ఆర్పింది. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా గింగిరాలు తిరిగాయి, బల్ల వణికింది. ఆమె ఉలిక్కిపడలేదు. ప్లగ్గు తీసి, రిమోట్ వెనక మూత విప్పి, కత్తిరించిన స్ప్రింగుని గోటితో మీటి చూసింది. మూత మళ్లీ వేసింది.

"ఇదెవరి కోసం?"

అతను చేతి కట్టు వైపు చూసుకున్నాడు.

"నిన్నే."

"నీ తమ్ముడి కోసం."

ఆమె బల్ల ముందు స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు చేతులు చూసుకుంది. పది వేళ్లూ ఉన్న చేతులు.

"ఆ రోజు కందిరీగకి జత కలిపింది నేను," అంది. "వాడికి రాదు. ఎప్పుడొచ్చింది వాడికి. నీకు తెలిస్తే, శత్రువు బండి బాగుచేస్తున్నావా అంటావని, షాపులో భోజనాల వేళ కలిపా. పళ్ల మధ్య టంకం తీగ, చంకలో రిమోట్. ట్రిగ్గర్ చంకలో నొక్కుకుపోయింది. నాకు తెలియలేదు. నీ వేళ్లు పడ్డాక తెలిసింది."

ముప్పావు గోడకి ఆనిన వీపు ఎత్తి ముందుకి వంగాడు. 

"వాడికి అదే రోజు చెప్పా. నేను చెప్పుకుంటానక్కా, నీ కాపురం కూలుతుంది, నా మీద వేసుకుంటా అన్నాడు. నీకు నేనే చెబుదామనుకున్నా. రోజూ అనుకున్నా. నువ్వు గడియలు వేసుకుంటూ కూర్చున్నావు. నేను నోటికి వేసుకున్నా."

కోపం రావాలి. ఎదురుచూశాడు రమ్మని. మూడు నెలలు అన్నం బదులు తిన్న కోపం, పిలిస్తే పలకలేదు. కట్టు లోపల లేని వేళ్లు నాలుగూ మండుతున్నాయి.

వీధి తలుపు ఎవరో కొట్టారు. రోజూ కొట్టేవాడే.

"గడియ లేదు," అన్నాడు ముప్పావు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "తోసుకుని రమ్మను."

బావమరిది కుడి అరచేతికి కట్టుతో లోపలికొచ్చాడు. బల్ల మీద దున్నని చూశాడు, విప్పిన రంపం చూశాడు, అక్క ముఖం చూశాడు. ఇనుముని నిప్పుతో కోసేవాడు. ఇంత చిన్న లెక్క తెలియనివాడు కాదు.

"నాకోసమేగా బావా," అన్నాడు.

"ఊఁ."

"అనుకున్నా. గేరుపెట్టె అడుగుతానని తెలుసు నీకు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే. ఆ పోటీ నేను గెలిచా. నా ఎముక నాకింకా రాలేదు."

"ఈ టైములో ఎముకేంట్రా," అంది అక్క.

"ఆచారం ఆచారమే అక్కా. బావ ఒప్పుకుంటాడు చూడు." కట్టు ఉన్న చేత్తోనే వంగి, దున్న కడుపులో అగ్గిపెట్టంత డబ్బాని తాకాడు. "రిసీవర్."

భార్య స్క్రూడ్రైవరు అందుకోబోయింది. "నువ్వు కాదు," అన్నాడు వాడు. "ఓడినవాడే విప్పాలి."

ముప్పావు లేచొచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. ఎడమచేతికి స్క్రూడ్రైవరు అలవాటు లేదు. నాలుగు స్క్రూలు. మొదటిది జారింది, కింద పడింది, వెతికాడు. రెండోదాని తల అరగదీశాడు. చెమట ముక్కు మీంచి దున్న మీద పడింది. ఇరవై ఆరేళ్లు ఇనుముని వెన్నలా కోసినవాడు నాలుగు స్క్రూలకి అరగంట తీసుకున్నాడు. వాళ్లిద్దరూ చూస్తూ కూర్చున్నారు. ఎవరూ సాయం చేయలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి వైర్లు లాగి, డబ్బాని బావమరిది ముందు పెట్టాడు.

వాడు దాన్ని నేల మీద వేసి, చెప్పు మడమతో తొక్కాడు. మొదటి తొక్కుడికి చితకలేదు. బల్ల మీది సుత్తి తీసుకుని, పొడి అయ్యేదాకా కొట్టాడు. ఊపిరి తీసుకుని, అలవాటుగా తల తిప్పి చూశాడు, డ్రమ్ము కోసం, తాత కోసం.

అక్క రిమోట్ వెలిగించింది. పైకెత్తి, బల్ల మీద ధన్‌మని కొట్టింది.

సెల్లులు జారాయి. ఎర్రదీపం ఆరిపోయింది. ముగ్గురూ దున్న వైపు చూశారు. ప్లగ్గు లేదని, రిసీవర్ లేదని ముగ్గురికీ తెలుసు. అయినా చూశారు. ముప్పావు ఎడమచెయ్యి తనకి తెలియకుండానే భార్య చేతికి అడ్డం వెళ్లి నిలిచింది.

దున్న కదల్లేదు.